క్యారెక్టర్ సర్టిఫికెట్ సాహిత్యం

పెనుకొండలో బాబయ్య దర్గాకు పోయే దారిలో ఒక జిరాక్సు షాపు ఉండేది. అక్కడ కూచుని మేము చాలా ఏళ్లు అర్జీలు రాసిపెట్టాం. పత్రికలో చేరకముందూ రాశాం, చేరాకా రాశాం. ఉర్దూ, తెలుగూ రెండూ వచ్చినవాడు ఊళ్లో ఉంటే ఆ పని తప్పదు. రేషన్ కార్డులు, ముసలోళ్ల పింఛన్లు, ఖబరస్తాన్ ప్రహరీ గోడ. వాటి మధ్యలో ఒకరోజు ఒక ఖాలా వచ్చింది. కొడుకు లారీ క్లీనరు. ఏదో దొంగతనం విషయం అడగాలని జిల్లాలోనే ఒక స్టేషన్ వాళ్లు తీసుకుపోయి మూడు రోజులైంది. అరెస్టు చూపలేదు, మనిషిని చూపలేదు. గేటు బయట అన్నం క్యారియర్ పట్టుకుని నిలబడి నిలబడి వచ్చింది. అనంతపురం పోయి ఎస్పీకి ఇవ్వాలి, రాసిపెట్టు బేటా అంది.

ఆమె దక్కనీలో చెబుతుంటే మేము తెలుగులో రాశాం. "మేరా బచ్చా వైసా నై బాబా" అందామె. మేము "నా కుమారుడు ఎట్టి చెడు అలవాట్లును లేనివాడు, ఐదు పూటలా నమాజు చేయువాడు, ఇంతవరకు ఏ కేసులోను లేనివాడు" అని రాశాం. అర్జీ భాష అట్లాగే ఉంటుంది. ఆమె ఇంకో మాట కూడా అంది. దాన్ని మేము రాయలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాం.

ఇప్పుడీ అర్జీ ఎందుకు గుర్తొచ్చిందంటే, పోలీసు దెబ్బల గురించి, చెయ్యని నేరానికి జైల్లో మగ్గినవాళ్ల గురించి వచ్చిన సినిమాలు, పుస్తకాలు, మన కథలు, మన కవితలు చూస్తుంటే, మేము రాసిన ఆ అర్జీనే మళ్లీ మళ్లీ చదువుతున్నట్టుంది.

గుంటూరు సంగతితో మొదలుపెడదాం. 1983లో కోయంబత్తూరు నుంచి బతకడానికి వచ్చిన ఎం. చంద్రకుమార్ అనే తమిళ యువకుణ్ణి, అతని స్నేహితుల్ని గుంటూరు పోలీసులు పట్టుకున్నారు. చెయ్యని దొంగతనం ఒప్పుకోమని కొట్టారు. తర్వాత ఊరికి పోయి ఆటో నడుపుకుంటూ ఆయన ఆ అనుభవాన్ని 'లాకప్' అనే నవలగా రాశాడు. దాన్ని వెట్రిమారన్ 'విసారణై' పేరుతో సినిమా తీశాడు. 2015లో వెనిస్ ఉత్సవంలో చూపించారు, జాతీయ అవార్డులు వచ్చాయి, ఆస్కార్‌కు మన దేశం తరఫున పంపారు. లాకప్ మనది, లాఠీ మనది, బూతులు మన తెలుగులోనే. పుస్తకం మాత్రం తమిళంలో వచ్చింది. మన విప్లవ సాహిత్యం లాకప్ గురించి రాయలేదని కాదు, చాలా రాసింది. కాని ఆ గొంతు ఉద్యమకారుడిది. ఎందుకు కొడుతున్నారో అతనికి తెలుసు. ఏ జెండా పట్టని కూలీకి ఆ ఆసరా కూడా ఉండదు.

ఆ సినిమాలో మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది కోర్టు సీను. ఆ కుర్రాళ్లకు తెలుగు రాదు, జడ్జికి తమిళం రాదు. వేరే పని మీద అక్కడికొచ్చిన ఒక తమిళ ఇన్‌స్పెక్టరు వాళ్ల మాటను తెలుగులో ఉన్నదున్నట్టు చెబుతాడు. అంతే, విడుదల. లాయరు లేడు, వాదన లేదు. చెప్పింది చెప్పినట్టు ఇంకో భాషలో పలికినవాడు ఒక్కడు దొరికాడు. రెండు భాషల మధ్య బతికే మాలాంటివాళ్లు ఆ సీను దగ్గర కాసేపు ఆగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ 2022లో చట్టం వచ్చింది. మంచిదే. స్టేషన్ గేటు దగ్గర నిలబడ్డ తల్లి మాటను ఏ భాషలో రాసుకుంటున్నారన్నది మాత్రం చట్టంలో కనిపించే సంగతి కాదు.

ఆ నలుగురిలో ఒకడు అఫ్జల్. రాత్రి రోడ్డు మీద దొరికినవాడు, అందరికంటే ముందు దొరికినవాడు. పేరు వినగానే పోలీసులకు వచ్చే అనుమానాలు మనకు కొత్త కాదు. మా ఫిర్యాదు వేరే. ఆ నలుగురికీ బయట ఎవరూ లేరు. తల్లి లేదు, అన్నం క్యారియర్ లేదు. దెబ్బలు తినే ఒళ్లే సినిమా అంతా ఉంది. ఆ ఒంటి కోసం బయట తిరిగే కాళ్లు కెమెరాకు కనపడలేదు.

సినిమా తెలుగు పేరు 'విచారణ'. ఎంత శుభ్రమైన మాట! 'అదుపులోకి తీసుకుని విచారిస్తున్నారు' అనే వాక్యాన్ని మేము కూడా డెస్కులో కూచుని వందలసార్లు రాశాం. అదుపులో ఉన్నాడంటే ఎక్కడ ఉన్నట్టు? విచారిస్తున్నారంటే ఏం చేస్తున్నట్టు? అడగలేదు. తెలుగులో విచారమంటే దుఃఖం కూడా. అది మాత్రం ఇంటివాళ్ల వాటా.

హైదరాబాద్ సంగతి చూడండి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చచ్చిపోయారు. చచ్చిందీ మనవాళ్లే, పట్టుకుపోయిందీ మన పిల్లల్నే. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ తరఫున న్యాయవాది ఎల్. రవిచందర్ జైలుకు పోయి ఆ కుర్రాళ్లతో మాట్లాడి 2008లో నివేదిక ఇచ్చాడు. అక్రమంగా ఎక్కడెక్కడో ఉంచడం, కరెంటు షాకులు, అన్నీ అందులో ఉన్నాయి. కేసులు కోర్టులో నిలవలేదు. 2010లో దర్యాప్తు హిందుత్వ మనుషుల వైపు తిరిగింది. అప్పుడు సర్కారు డెబ్బై మందికి డెబ్బై లక్షలు ప్రకటించింది. ఇరవై మందికి తలా 3 లక్షలు, యాభై మందికి తలా 20 వేలు. దాంతోపాటు క్యారెక్టర్ సర్టిఫికెట్లు! 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. 2018 ఏప్రిల్‌లో అసీమానంద సహా ఐదుగురిని కోర్టు నిర్దోషులుగా వదిలింది. పేలిన బాంబు ఎవరిదో నేటికీ తేలలేదు.

ఆ సర్టిఫికెట్‌ను మేము ఒక రచనగానే చూస్తాం. ఎవరు ఎవరికి ఇచ్చారు? కొట్టినవాడి సర్కారు, దెబ్బలు తిన్నవాడికి 'నువ్వు మంచివాడివి' అని రాసిచ్చింది. కొట్టిన చెయ్యి మంచిదా చెడ్డదా అని చెప్పే కాగితం ఒక్కటీ రాలేదు.

ఇది 2007తో మొదలైంది కాదు. 1978 మార్చిలో హైదరాబాద్‌లో రమీజా బీ, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ రాత్రి సినిమా చూసి వస్తుంటే పోలీసులు ఆపారు. నల్లకుంట స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కుకునే భర్త దెబ్బలకు చచ్చిపోయాడు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసులు చేసిన వాదన ఏమిటి? ఆమె నడవడి మంచిది కాదని, ఆమె పెళ్లి పెళ్లే కాదని! కమిషన్ ఆ మాట నమ్మలేదు, పోలీసుల్ని ప్రాసిక్యూట్ చెయ్యమంది. కేసు రాయచూరుకు మారింది. 1981లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆమె క్యారెక్టర్ మీద విచారణ జరిగినంత శ్రద్ధగా ఆ రాత్రి మీద జరగలేదు.

మన సినిమావాళ్లు ఈ లెక్క బాగా నేర్చుకున్నారు. తెలుగులో లాఠీ పట్టినవాడే హీరో, 'అంకుశం' కాలం నుంచీ ఇదే. దెబ్బలు తినేవాడు హీరో అయిన సినిమా ఎప్పుడో ఒకటి వస్తుంది. 2021లో వచ్చిన 'నాంది' అట్లాంటిది. విచారణ ఖైదీగా ఏళ్లు పోగొట్టుకున్నవాడి కథ, తప్పుడు కేసు పెట్టినవాడి మీద తిరిగి కేసు పెట్టొచ్చునని ఐ.పి.సి. 211 సెక్షన్‌ను జనానికి చెప్పిన కథ. అందుకు దండం. కాని హీరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బంగారం లాంటి కొడుకు. ముందు ఆ సర్టిఫికెట్ చూపించాకే దెబ్బలు చూపించారు. అదే ఏడు వచ్చిన తమిళ 'జై భీమ్'లో భర్త కోసం కోర్టుదాకా పోయిన భార్య ఉంది, పోలీసులు ఇస్తామన్న డబ్బు వద్దంటుంది. అక్కడ సినిమా నిలబడింది. ఆ కేసు 1993 నాటిది, కమ్మాపురం స్టేషన్‌లో చచ్చిపోయిన రాజాకన్నుది. అతను కురవ కులస్థుడు. పుట్టుకతోనే దొంగలని బ్రిటిష్ చట్టం ముద్ర వేసిన కులాల్లో ఒకటి. సినిమాలో ఇరుళ అని మార్చారు. ఎందుకు మార్చారో మేము చెప్పలేం. ముద్రపడ్డ పేరుతోనే అతన్ని నిలబెట్టి ఉంటే ఇంకా బాగుండేదని మాత్రం అంటాం.

సర్టిఫికెట్ లేనివాడి గతేమిటో 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర చూశాం. 'దిశ' కేసులో నలుగుర్ని కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. నలుగురిలో ఒకడిది ముస్లిం పేరు కావడంతో మొదట ఆ ఒక్క పేరే ఊరేగింది. అప్పుడు మనవాళ్లు ఏం చేశారు? మిగతా ముగ్గురి పేర్లు వెతికి చూపించి ఊపిరి పీల్చుకున్నారు. మేము కూడా పీల్చుకున్నాం, దాచుకోవడం ఎందుకు! 2022లో సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు కావాలని చేసినవేనని, ముగ్గురు మైనర్లని చెప్పింది. ఆ నివేదిక గురించి మనలో ఎవరైనా కవిత రాశారా? మాకు కనపడలేదు. వాళ్లు మంచివాళ్లని చెప్పలేం కనుక రాయలేదు.

ముంబయి రైలు పేలుళ్ల కేసులో తొమ్మిదేళ్లు జైల్లో ఉండి 2015లో నిర్దోషిగా బయటపడ్డ స్కూలు టీచరు అబ్దుల్ వాహిద్ షేక్ 'బేగునాహ్ ఖైదీ' అని ఉర్దూలో పుస్తకం రాశాడు. అట్టమీద బేగునాహ్ అని ఉందిగాని, లోపల ఆయన తన మంచితనం చాటుకోవడానికి ఎక్కువ పేజీలు ఖర్చుపెట్టలేదు. ఎట్లా కొడతారు, ఒప్పుకోలు కాగితం ఎట్లా తయారవుతుంది, సాక్షి ఎట్లా పుడతాడు, అన్నీ మెకానిక్కు ఇంజను విప్పి చూపించినట్టు చూపించాడు. 2025 జులైలో బొంబాయి హైకోర్టు ఆ కేసులో మిగతా పన్నెండు మందినీ నిర్దోషులంటూ, ఆ ఒప్పుకోళ్లను చిత్రహింసతో రాబట్టారని తేల్చింది. పంతొమ్మిదేళ్ల తర్వాత! ఒకాయన అంతకుముందే జైల్లో చచ్చిపోయాడు. ఆ తీర్పును సుప్రీంకోర్టు వేరే కేసులకు ఉదాహరణగా తీసుకోవద్దంది. ఈ పుస్తకం తెలుగు పాఠకుడి చేతిలో ఉండాల్సింది.

మన రచనలు ఇంజను విప్పవు. మా నాన్న జెండా మోశాడు, మా తాత ఉగాది పచ్చడి తిన్నాడు, మా ఊళ్లో పీర్లు అందరూ ఎత్తుతారు, కనుక మమ్మల్ని కొట్టొద్దు అంటాయి. ఇవన్నీ నిజాలే. ప్రేమతో రాసినవే. కాని ఎవరికి రాస్తున్నాం? ఎస్పీకి రాసిన అర్జీ లాగే ఉన్నాయి. ఉగాది పచ్చడి తినని తాత మనవణ్ణి కొట్టొచ్చా?

ఆ ఖాలా కొడుకును ఏడో రోజు వదిలేశారు. కేసు లేదు, కాగితం లేదు. పట్టుకుంటే ఇంటివాళ్లకు చెప్పాలని సుప్రీంకోర్టు డి.కె. బసు కేసులో 1996లోనే చెప్పింది. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని చట్టం అంతకంటే పాతది. అర్జీలో వాటి గురించి ఒక్క ముక్క లేదు. ఐదు పూటలా నమాజు ఉంది.

మొన్న ఉర్సుకు వెళ్లినప్పుడు ఆమె కనపడింది. చాలా ముసలిదైపోయింది. పాత కాగితాల సంచిలో ఆ అర్జీ జిరాక్సు ఇంకా పెట్టుకుంది, చదివి వినిపించమంది. తెలుగులో చదివి దక్కనీలో చెప్పాం. మధ్యలోనే ఆపింది. "ఉనే కుచ్ కరా తో కోర్ట్ కూ లేజావ్, మార్నే కూ ఇనో కౌన్, అని కదా బేటా నేను చెప్పింది. వాడేమన్నా చేసుంటే కోర్టుకు పట్టుకుపోండి, కొట్టడానికి మీరెవరని. అది ఏదీ?" అంది.

ఆ మాట రాస్తే కొడుకు ఏదో చేశాడని ఒప్పుకున్నట్టు అవుతుందని భయపడి వదిలేశామని చెప్పాం. ఆమె కాగితం మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది.