బండతో ఆట

బండలాగుడు పోటీ మొదలయ్యేది బరిలో కాదు, ఎద్దు నోటి దగ్గర. పళ్లు చూడటం తెలిసిన పెద్దమనిషి ఒకరు గిత్త మూతి గట్టిగా పట్టుకుని, కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగుతాడు. పశువుకు పైదవడలో ముందుపళ్లుండవు కాబట్టి లెక్కంతా కింది వరసలోని ఎనిమిదింటిదే. పాలపళ్లు ఊడి నడుమ రెండు పెద్దపళ్లు వచ్చాయంటే రెండేళ్లు దాటినట్టు. ఆ తర్వాత నాలుగు, ఆరు. ఎనిమిదీ కలిసేసరికి ఎద్దుకు అయిదేళ్లు దగ్గరపడతాయి. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టుకోని పశువుకు ఇంతకంటే నమ్మకమైన సర్టిఫికెట్ లేదు. రెండు పళ్ల జతను నాలుగు పళ్ల జతతో పోటీకి దింపకూడదు గనక, తగాదా అంటూ వస్తే ముందు ఇక్కడే వస్తుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఊళ్లలో సరదాగా ఒకపూట గడపడానికి ఎక్కడికి పోవాలంటే, సినిమా హాలు కన్నా పార్కు కన్నా పాత జవాబు తిరునాళ. ఉగాది కావచ్చు, శివరాత్రి కావచ్చు, శ్రీరామనవమి కావచ్చు, ఊరి దేవుడి ఉత్సవమో దర్గా ఉరుసో కావచ్చు. పొద్దున దేవుడి దర్శనం, మధ్యాహ్నం చుట్టాలింట్లో భోజనం, సాయంత్రం దాకా బండలాగుడు. పిల్లలకు రంగులరాట్నం, ఆడవాళ్లకు గాజుల అంగళ్లు, మగవాళ్లకు ఎద్దులు అన్న పాత పంపకం ఇప్పుడు కొంత చెదిరింది. బరి చుట్టూ సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న గుంపులో అందరూ ఉంటున్నారు.

కొత్తగా చూసేవాళ్లకు ఇందులో ఏముందో మొదట అంతుబట్టదు. రెండు ఎద్దులు ఒక పెద్ద రాతిని ఈడుస్తుంటాయి, పదిమంది కేకలేస్తుంటారు, దుమ్ము లేస్తుంటుంది. అసలు సంగతి తెలియాలంటే మూడు చోట్ల కన్నేసి ఉంచాలి.

మొదటిది ఎత్తుబడి. నేలకు అంటుకుని కూర్చున్న రాయిని కదిలించడానికి కావలసిన బలం, కదిలిన రాయిని సాగించడానికి అక్కర్లేదు. చిన్నపళ్ల విభాగాల్లో బరువు క్వింటాళ్ల లెక్కన ఉంటుంది, సీనియర్ల దగ్గర టన్ను దాటిపోతుంది. అంత బరువు ఒక్కసారిగా మెడమీద పడినప్పుడు జతలో రెండూ ఒకే క్షణంలో అడుగు ముందుకు వేయాలి. ఒకటి ముందు గుంజి రెండోది ఆలస్యం చేస్తే కాడి వంకర పోతుంది, బలం బండదాకా రాదు. మంచి జత తల దించి, మూపురం ముందున్న కాడిలోకి ఒరిగి, వెనక కాళ్లు నేలలో నాటుకుని ఒక్కపెట్టున లేస్తుంది. చూసేవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు ఎద్దు మొహం చూడరు, వెనక గిట్టలు ఎక్కడ పడుతున్నాయో చూస్తారు.

రెండోది నడక. ఇచ్చిన సమయం అయిపోయేలోపు ఎన్ని అడుగులు లాగితే అదే ఫలితం. సమయం పది నిమిషాలు కావచ్చు, పదిహేను కావచ్చు, ఇరవై కావచ్చు. విభాగాన్ని బట్టి, కమిటీని బట్టి మారుతుంది. బరి ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి. ఇది పరుగుపందెం కాదు. మొదటి రెండు సుట్లలో ఉరికిన జత తర్వాత రొప్పుతూ నిలబడిపోతే, నిదానంగా మొదలుపెట్టింది దాన్ని దాటిపోతుంది. ఒకసారి ఆగిందంటే మళ్లీ ఎత్తుబడి కష్టం మొత్తం మొదటికి వస్తుంది. అందుకే తోలేవాళ్ల కేకలు ఎద్దును రెచ్చగొట్టడానికే అనుకుంటే పొరపాటు. చాలా కేకలు దాన్ని ఆగనివ్వకుండా ఒక లయలో పెట్టడానికి.

మూడోది మలుపు. దుక్కిలో కూడా రైతు నేర్పు తెలిసేది చాలు చివర తిప్పుకునేటప్పుడే కదా. కాడికి ఎడమన కట్టేది దాపట ఎద్దు, కుడిన కట్టేది వెలపట ఎద్దు. తిరిగేటప్పుడు లోపలి వైపున్నది దాదాపు నిలుచున్న చోటే అడుగులు మార్చుకోవాలి, బయటి వైపున్నది పెద్ద వలయం చుట్టాలి. ఈ రెంటికీ పొత్తు కుదరకపోతే గొలుసు కాళ్లకు తగులుకుంటుంది, సెకండ్లు కారిపోతాయి. సమయం ముగిసి విజిల్ ఊదాక టేపు పట్టి కొలిస్తే మొదటి బహుమతికీ రెండోదానికీ తేడా ఒక్కోసారి కొన్ని అడుగులే ఉంటుంది. ఆ అడుగులు పోయింది తరచుగా మలుపులోనే.

ఈ నేర్పు ఒక్కరోజులో రాదు. పోటీ ఎద్దును మేపడం చిన్న సంసారం నడపడమే. ఉడకబెట్టిన ఉలవలు, పత్తిగింజలు, చెక్క, తవుడు, జొన్నచొప్ప – వీటి పాళ్లు ఒక్కో ఇంటిది ఒక్కో రహస్యం. ముందు ఖాళీ కాడితో నడిపించి, తర్వాత తేలికైన బండ కట్టి, మెల్లగా బరువు పెంచుతారు. చెరువులోనో కాలువలోనో ఈత కొట్టిస్తే ఊపిరి పెరుగుతుందని, కీళ్లకు హాయని నమ్మకం. అన్నిటికంటే కష్టం జత కుదర్చడం. ఎత్తు, అడుగు పొడవు, గుణం మూడూ కలవాలి. ఒంటరిగా గొప్పగా లాగే గిత్తలు రెండు తెచ్చి కట్టినా పొసగక పోవచ్చు.

పోటీల్లో ఎక్కువగా కనబడేది ఒంగోలు జాతి. ఆ జాతే బ్రెజిల్ పోయి నెలోర్ అనే పేరుతో ఆ దేశపు పశుసంపదలో పెద్ద భాగమైంది. ప్రకాశం జిల్లా కరవది ఊరి పేరు మోసిన ఒక గిత్త 1960లలో అక్కడికి చేరి, అక్కడి పశుపోషకుల్లో గొప్ప పేరు తెచ్చుకుంది. అక్కడ దాన్ని మాంసానికి పెంచుతారు. ఇక్కడ దున్నడానికి పెంచేవాళ్లు, ట్రాక్టరు వచ్చాక దున్నడం పోయింది. పెద్దముడియం వైపు నల్లరేగడి చేలల్లో శనగ విత్తడం నుంచి కోత దాకా యంత్రాలే. కాడెద్దుల అవసరం లేని ఊళ్లో కూడా రెండు గిత్తల్ని లక్షలు పోసి కొని మేపే రైతులున్నారంటే దానికి బండలాగుడే కారణం. జాతి నిలవడానికి ప్రభుత్వ ఫారాలు చేసిన పని ఎంతుందో, ఈ పందెపు పిచ్చి చేసిన పనీ అంతుందనిపిస్తుంది.

అయితే చెర్నాకోల సంగతి దాటేయలేం. జంతువులను హింసించడం 1960 నాటి చట్టం ప్రకారమే నేరం. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను తప్పుపట్టింది. 2023లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణలను సమర్థించింది. ఆ వాదాల నీడ బండలాగుడు మీదా పడుతూనే ఉంది. ముల్లుకర్ర వాడకూడదని, ఇన్ని దెబ్బలకు మించితే జతను తప్పిస్తామని మైకులో చెప్పే కమిటీలున్నాయి. చెప్పి ఊరుకునేవీ ఉన్నాయి. పోటీ చూడబోయేవాళ్లు ఏది ఏదో మొదటి జత బరిలోకి దిగగానే పోల్చుకోవచ్చు. దెబ్బలతో లాగించిన జత ఎన్ని అడుగులు పోయినా అందులో తోలేవాడి విద్య ఏమీ లేదు.

ఈ సీమలో బండతో ఆట ఎద్దులకే కాదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారిలో రోడ్డు పక్క గుట్టలుగా పేర్చిన పలకలు కనబడతాయి. దేశమంతా కడప బండ అని పిలిచే సున్నపురాయి అది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతంలోని నార్జి ఊరి పేరుతోనే దానికి నార్జి సున్నపురాయి అని పేరు పెట్టారు. ఇది పొరలు పొరలుగా ఉంటుంది. గనిలో పనివాళ్లు పొర జాడ పట్టుకుని వరసగా ఉలులు దిగ్గొట్టి, సుత్తితో ఒక్కోదాని మీద కొద్దికొద్దిగా కొట్టుకుంటూ పోతారు. ఎక్కడా తొందరపడరు. రాయి లోపల నుంచి శబ్దం మారగానే పలక లేచొస్తుంది. ఇళ్ల అరుగులు, మిద్దె కప్పులు, వంటింటి గట్లు, పొలం గట్ల మీద కంచె రాళ్లు అన్నీ దాంతోనే. నీళ్లు అదే రాతిని లక్షల ఏళ్లు కరిగిస్తే ఏమవుతుందో చూడాలంటే పక్క జిల్లాలోని బెలుం గుహలకు వెళ్లాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించిన ఈ గుహలను 1980లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్లు కొలిచారు. పొడవు 3,229 మీటర్లు. లోపల ఉక్క పోస్తుంది, తలగుడ్డ వెంట ఉంటే మేలు.

గండికోట రాయి వేరు. అది ఎర్రటి గట్టి రాయి, క్వార్ట్‌జైట్. జమ్మలమడుగుకు పడమరగా 15 కిలోమీటర్ల దూరంలో పెన్నేరు ఎర్రమల కొండలను కోసుకుంటూ వచ్చింది. ఆ గండి పేరే కోటకూ ఊరికీ వచ్చింది. ఈ రాయి అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్లు తీసుకుని పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోతుంది. అంచున నిలబడి చూస్తే ఎవరో కూలీలు పెట్టి పేర్చినట్టుంటుంది గాని, పేర్చినవాళ్లెవరూ లేరు. కోట కట్టినవాళ్ల తెలివంతా ఇక్కడే ఉంది. ఉత్తరాన నది లోయే గోడ, మిగిలిన వైపుల మాత్రమే గోడ కట్టుకున్నారు, అదీ ఆ కొండ రాతితోనే.

విజయనగర కాలంలో, ఆ తర్వాతా పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచి ఏలారు. పదిహేడో శతాబ్దం నడిమిలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో వజ్రాల వర్తకుడు టావెర్నియే వచ్చి అతన్ని ఇక్కడే కలిశాడు. ఫిరంగులు పోతపోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాలు పోగుచేయించిన సంగతీ, ఆ పనికి మెయిల్ అనే ఫ్రెంచివాణ్ణి పెట్టుకున్న సంగతీ టావెర్నియే రాతల ద్వారానే తెలుస్తున్నాయి. ఇప్పుడు లోపల తిరిగేవాళ్లకు మాధవరాయస్వామి గుడి గోపురం, జామా మసీదు, దాని పక్కనే కమాను పైకప్పుతో ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి, రాయల చెరువు కనిపిస్తాయి. తొందరగా చూసేవాళ్లు ఇవన్నీ వదిలేసి నేరుగా లోయ అంచుకు పోయి ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. ధాన్యాగారంలో కాసేపు నిలబడితే బయటి ఎండకూ లోపలి చల్లదనానికీ తేడా చర్మానికే తెలుస్తుంది. గింజ చెడకుండా దాచిన పద్ధతి అది.

లోయలో ఇప్పుడు కనబడే నిండు నీళ్లు పాత సంగతి కాదు. పెన్నేరు మీద కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. నీళ్లు నిలబెట్టాక తాళ్లప్రొద్దుటూరు, కొండాపురం లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. పడవ షికారు చేసేవాళ్లకు ఎవరో ఒకరు ఈ మాట చెప్పాలి. గండికోట అభివృద్ధికి కేంద్రం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కొత్త గుడారాలు, లైట్లు రావడం మంచిదే, లోయ అంచు కాంక్రీటు కాకుండా ఉంటే ఇంకా మంచిది. అంచు పొడవునా కంచె లేదు. పిల్లల చేయి వదలకూడదు.

పులివెందుల వైపువాళ్లకు ఇంకో గండి ఉంది. పాపాఘ్ని కొండను చీల్చుకుపోయే చోట వీరాంజనేయస్వామి గుడి. రాముడు బాణపు మొనతో రాతి మీద గీసిన బొమ్మ అని, ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటే పూర్తి కాలేదని చెబుతారు. శ్రావణ శనివారాల్లో జనం కిటకిటలాడతారు. రెండు కొండల మధ్య వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం పుణ్యాత్ములకు చివరి రోజుల్లో మాత్రమే కనబడుతుందట. సర్ థామస్ మన్రో తలెత్తి అదెవరు కట్టారని అడిగాడని, అది విన్నవాళ్లు దొరకు కాలం దగ్గరపడిందనుకున్నారని కథ. మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయాడన్నది మాత్రం చరిత్ర. ఒక కలెక్టరు దొరను ఇంత ప్రేమగా తమ పురాణంలో కలుపుకున్న జనం మరెక్కడా లేరేమో.

ప్రొద్దుటూరు సంబరం రాతిది కాదు, బంగారానిది, బట్టది. వర్తకుల ఊరు కాబట్టి దసరాను వర్తకులు నడిపినట్టే నడుపుతుంది, ఖర్చుకు వెనకాడకుండా, పక్కవాడికి తీసిపోకుండా. కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాలలో రోజుకొక అలంకారం. పేరున్న గుళ్లన్నీ పోటీ పడి మెరవణి తీస్తాయి. తొట్టి మెరవణి రాత్రి ఎక్కడెక్కడి కళాబృందాలో వీధుల్లో ఆడుతూ పోతాయి. రెండో మైసూరు అని ఊరివాళ్లు ఊరికే అనరు. మిగిలిన రోజుల్లో వచ్చేవాళ్లు పెన్న ఒడ్డున ముక్తిరామేశ్వరానికి, అగస్త్యేశ్వరుడి గుడికి పోవచ్చు. పుట్టపర్తి నారాయణాచార్యులు ఆ గుడిలో ప్రదక్షిణలు చేస్తూనే శివతాండవం అల్లారని ఊళ్లో చెబుతారు. పొద్దున బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తినకుండా ఊరు దాటడం మాత్రం తప్పే.

పెద్దముడియానికి యాత్రికులు రారు. రావాల్సిన ఊరు. తూర్పు చాళుక్యుల శాసనాలు చెప్పే వంశకథలో విజయాదిత్యుడు యుద్ధంలో చనిపోతే గర్భవతి అయిన రాణి ముడివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి అండన తలదాచుకుని విష్ణువర్ధనుణ్ణి కంటుంది. ఆ ముడివేమే పెద్దముడియమని చరిత్రకారులు గుర్తించారు. వినాయకుడు, బ్రహ్మ, నరసింహుడు, లింగం, విష్ణువు, మహిషాసురమర్దని ఒకే వరసలో ఉన్న చిన్న రాతిపలక ఇక్కడ దొరికింది. తెలుగు నేల మీద దొరికిన తొలినాటి దేవతా శిల్పాల్లో అదొకటి, ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. ఊళ్లో దాని నకలైనా ఒకటి పెడితే కుందూ ఒడ్డు దాకా వచ్చేవాళ్లు కొందరుంటారు.

2016 నుంచి ఎర్రగుంట్ల–నంద్యాల రైలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నడుస్తోంది. గండికోటకు చలికాలం మంచిది. బండలాగుడుకు మాత్రం క్యాలెండర్ లేదు. ఊరి మొదట్లో గోడ మీదో కరెంటు స్తంభానికో ఒక ఫ్లెక్సీ కడతారు. రెండు ఎద్దుల బొమ్మలు, ఏ రోజు ఏ పళ్ల విభాగం, బండ బరువెంత, సమయం ఎన్ని నిమిషాలు, మొదటి బహుమతి ఎవరి జ్ఞాపకార్థం ఎవరిస్తున్నారు, ప్రవేశ రుసుమెంత అన్నీ అందులో ఉంటాయి. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో, ఎద్దులకు మేత, వెంట వచ్చినవాళ్లకు భోజన వసతి కలదు అని.