చేదు తగిలితే ముంత దించు

ముంత చేతికిచ్చి ఆయన ‘తాగు’ అనలేదు. ‘ముందు చెవి దగ్గర పెట్టుకోప్పా’ అన్నాడు.

హిందూపురం నుంచి పరిగి వైపు పోతే జయమంగళి వచ్చి పెన్నలో కలుస్తుంది. నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనిపించే ఆ ఏటి ఒడ్డున, వంకల పక్కన ఈత చెట్లు గుంపులుగా ఉంటాయి. పుష్య మాసం, తెల్లవారి చలి. ముంత చెవికి ఆనిస్తే లోపల సన్నగా చిటపటలాడుతోంది, పొయ్యి మీద పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున వినిపించే సద్దులాగా. ‘అదుగో, బతికుంది. సద్దు లేదంటే నీళ్ళన్నా కలిసుండాల, దాని పొద్దన్నా తీరిపోయుండాల’ అన్నాడు. మా ఊరి కల్లుగీత ఈడిగ పెద్దాయన. మేమంతా మామా అని పిలిచేవాళ్ళం. కల్లును ఎలా తాగాలో చెప్పినవాళ్ళు నాకు చాలామంది తగిలారు గానీ, ఎలా చూడాలో చెప్పింది ఆయనొక్కడే.

చెవి తరవాత ముక్కు. మంచి ఈత కల్లులో మొదట పండు వాసన వస్తుంది, మగ్గిన అరటిపండుకీ లేత కొబ్బరికీ మధ్యలో ఎక్కడో. దాని వెనక పులిసిన పిండి వాసన, ఆ వెనక మజ్జిగ. మూడూ ఆ వరసలోనే రావాలి. మజ్జిగ ముందుకొచ్చిందంటే ముంత మధ్యాహ్నానికి చేరిపోయిందని లెక్క. ముక్కు తరవాత కన్ను. చెట్టు నుంచి అప్పుడే దిగిన రసం తేటగా ఉంటుంది. పులిసేకొద్దీ ఈస్టూ బాక్టీరియా పెరిగి, వాటివల్లే రసం తెల్లబారుతుంది. తెలుపంటే పాల తెలుపు కాదు, బియ్యం కడిగిన నీళ్ళ తెలుపు. నురుగు సన్నగా ఉండాలి, ముంత వంచితే అంచున చారగా అంటుకుని నిదానంగా జారాలి. సబ్బు నురుగులాగా పెద్ద పెద్ద బుడగలతో గట్టిగా నిలబడితే కుంకుడుకాయ రసం పడిందేమోనని అనుమానించాల్సిందే.

తరవాత వేళ్ళు. ఒక్క చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వేళ్ళు విడదీసేవాడు. అంటుకుంటే ఇంకా తీపి మిగిలుంది. అంటుకోకుండా జారితే తీపంతా మత్తుగా మారింది, లేదా నీళ్ళు కలిశాయి. ఇన్నీ అయ్యాకే నాలుక. మొదటి గుక్క పుక్కిలించి ఉమ్మేసేవాడు, రెండోది మింగేవాడు. ‘మొదటిది నోటికి, రెండోది కల్లుకు’ అనేవాడు. రాత్రి తిన్నదాని రుచి నోట్లో ఉంటుంది కదా, అది పోతేగానీ కల్లు రుచి తెలీదు. మంచి కల్లు తీపితో మొదలై, పులుపులోకి తిరిగి, చివర నాలుక పక్కల కొంచెం వగరు వదిలి వెళ్తుంది. కాసేపటికి ఛాతీలో వెచ్చదనం. తల దాకా రావడానికి దానికి తొందర ఉండదు.

కల్లు రుచి ముంతలో తయారయ్యేది సగమే, మిగతా సగం చెట్టు మీదే తేలిపోతుంది. ఈత చెట్టుకు తాటిలాగా గెల గీయరు. మొవ్వు కింద ఒక పక్క మట్టలు తీసి, లేత మానును పలచగా చెక్కుతారు. ఆ గాటు నుంచి రసం బొట్లు బొట్లుగా కుండలోకి దిగుతుంది. కత్తి లోతుగా పడితే చెట్టు చస్తుంది, పైపైన పోతే రసం రాదు. ఒక ఏడాది ఒక పక్క గీస్తే మరుసటి ఏడాది రెండో పక్క. అందుకే ముసలి ఈత చెట్టు మాను నిండా ఎదురెదురుగా మెట్లలాంటి గాట్లుంటాయి. అవి లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేళ్ళు కత్తి కిందకి వచ్చిందో తెలిసిపోతుంది. పెనుకొండ కోట కింద, చెరువు వెనక ఉన్న చెట్లను చూపించి మామ గాట్లు చదివేవాడు. ఇది ఫలానావాడి చెయ్యి, ఇది కొత్తవాడి చెయ్యి, ఈ ఏడాది దీన్ని గీయకుండా వదిలేశారు, మంచిపని చేశారు అంటూ. చెట్టుకు విశ్రాంతి ఇవ్వకుండా పిండుకుంటే రసం పలచబడుతుంది, ఆ పలచదనం నాలుకకు అందుతుంది.

చలి కూడా రుచిలో కలుస్తుంది. హిందూపురం సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. చలికాలపు రాత్రుళ్ళు ఇక్కడ బాగా చల్లబడతాయి. చల్లటి రాత్రి దిగిన రసం తేటగా, తియ్యగా ఉండి నిదానంగా పులుస్తుంది. ఉక్క రాత్రి దిగింది తెల్లారేసరికే పుల్లబడి ఉంటుంది. పులవకూడదనుకుంటే కుండ లోపల సున్నం పూస్తారు, అది నీరా. పులవాలనుకుంటే నిన్నటి కుండను మరీ శుభ్రంగా తోమరు. అడుగున మిగిలిన మడ్డే పెరుగుకు తోడు వేసినట్టు పనిచేస్తుంది. తోడు చెడితే పెరుగెంత చెడుతుందో, మడ్డి చెడితే కల్లూ అంతే. తాజా రసంలో నూటికి పది పన్నెండు పాళ్ళ దాకా చక్కెర ఉంటుంది. కొన్ని గంటల్లో అందులో చాలా భాగం ఆల్కహాల్‌గా మారి, నాలుగైదు శాతానికి చేరుతుంది. మరుసటి రోజుకి వెనిగర్ దారి పడుతుంది. పొద్దుటి కల్లు, మధ్యాహ్నపు కల్లు, మాపటి కల్లు అంటే మూడు వేర్వేరు పానీయాలు. ఒకే కుండకు ఒకే మార్కు వేస్తానంటే కుదరదు. ఏ పొద్దులో తాగుతున్నామో అడిగి మరీ తూకం వేయాలి.

ఈ పాఠాలు నాకు మళ్ళీ గుర్తొచ్చింది లండన్‌లో. ధర్మవరం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన మా మేనల్లుడు నన్నొక పబ్బుకు తీసుకెళ్ళి రాగి రంగు బీరు ఒక గ్లాసు ముందు పెట్టాడు. చిజిక్‌లోని గ్రిఫిన్ బ్రూవరీలో 1971 నుంచి ఫుల్లర్స్ ఎక్స్‌ట్రా స్పెషల్ బిట్టర్ అనే పేరుతో చేస్తున్నది. పీపా నుంచి పోస్తే 5.5 శాతం ఆల్కహాల్, సీసాలోదైతే 5.9. 1978, 1981, 1985లలో మూడుసార్లు బ్రిటన్ చాంపియన్ బీరుగా గెలిచింది. మొలకెత్తించి వేడి మీద ఆరబెట్టిన బార్లీ తీపిని, హాప్స్ అనే తీగ పువ్వుల చేదు అదుపులో పెడుతుంది. ఐసు చల్లదనం ఉండదు. పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది కాబట్టి నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. నేను గ్లాసును చెవి దగ్గర పెట్టుకుంటే మా వాడు వింతగా చూశాడు. అక్కడా సన్నటి సద్దు ఉంది.

ఇలాంటి బీర్లను పోటీల్లో తూచడానికి అమెరికాలో 1985లో పుట్టిన బీరు న్యాయనిర్ణేతల సంస్థ, బీజేసీపీ, ఒక పట్టిక పెట్టుకుంది. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే స్పర్శకు 5, మొత్తం మీద కలిగిన భావానికి 10. వాసన త్వరగా ఎగిరిపోతుంది కాబట్టి దాన్నే ముందు చూస్తారు. వైన్ చూసేవాళ్ళు ఉమ్మేస్తారు గానీ బీరు చూసేవాళ్ళు మింగుతారు, చేదు గొంతు దిగాకే పూర్తిగా బయటపడుతుంది కాబట్టి. స్ట్రాంగ్ బిట్టర్ అనే తరగతికి ఆల్కహాల్ 4.6 నుంచి 6.2 శాతం, చేదు కొలమానంలో 30 నుంచి 50 అని హద్దులు కూడా రాసి పెట్టుకున్నారు. ఈ పట్టిక చదివినప్పుడు నాకు ముచ్చటేసింది, బాధా కలిగింది. మామ ఇదే పని కాగితం లేకుండా చేశాడు. చెవి, ముక్కు, కన్ను, వేలు, నాలుక, ఛాతీ అంటూ ఆయన తరగతులు వాళ్ళకన్నా ఒకటి ఎక్కువే. రాసిపెట్టినవాళ్ళే లేరు.

ఇంకో సంగతి. ఈత, తాటి కల్లుల్లో ఈస్ట్‌తోపాటు ఆల్కహాల్ చేసే బాక్టీరియా ఒకటుంది, జైమోమోనాస్ అంటారు. కల్లుకు ఆ చురుకు, ఆ పొంగు రావడంలో దానికి పెద్ద పాలుంది. ఇంగ్లండ్‌లో ఇదే జీవిని చూస్తే బ్రూవరీవాళ్ళకు దడ. చక్కెర కలిపిన ఏల్ అనే రకం బీరులో చేరితే కుళ్ళు కంపు కొట్టించి పీపాలకు పీపాలు పారబోయిస్తుంది. అక్కడ తెగులు, ఇక్కడ పనివాడు. మంచి రుచి, చెడ్డ రుచి అని లోకమంతటికీ ఒకే గీత గీయలేమని ఆ చిన్న జీవిని చూస్తే నాకు బాగా అర్థమైంది. ఏ పానీయానికి ఏది గుణమో ఆ పానీయాన్ని ఎరిగినవాళ్ళే చెప్పాలి.

చేదు సంగతే చూడండి. బిట్టర్‌లో చేదు లేకపోతే అది బిట్టరే కాదు. చేదును మర్యాదగా నోట పెట్టుకోవడం మనకూ కొత్త కాదు. వేపపువ్వు లేని ఉగాది పచ్చడి ఉండదు, కాకరకాయ లేని ఇల్లు తక్కువ. కానీ కల్లులో చేదుకు చోటు లేదు. తీపి, పులుపు, వగరు, ఆ మూడే. ‘చేదు తగిలితే ముంత దించు’ అనేవాడు మామ. అది తాగేవాడి ప్రాణానికి కాపలా కాసే మాట.

ఎందుకంటే చెట్లు తగ్గి, అడిగేవాళ్ళు పెరిగిన చోటల్లా కల్లు పేరుతో వేరే ద్రవం అమ్ముడుపోతోంది. నీళ్ళు, తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ పదేపదే పట్టుబడ్డవి ఇవే. క్లోరల్ హైడ్రేట్‌కు ఘాటు వాసన, చేదు రుచి ఉన్నాయి. నిద్రమాత్రలకూ ఎంతో కొంత చేదుంటుంది. దాన్ని తీపితో కప్పుతారు. అలవాటుపడ్డ మనిషికి ఒక రోజు అది అందకపోతే చేతులు వణుకుతాయి, మూర్ఛలు వస్తాయి, మతి తప్పి మాట్లాడతాడు. కల్తీ కల్లు అమ్మకాలు ఆగిన వారాల్లో ఆసుపత్రులు ఇలాంటివాళ్ళతో నిండిన సందర్భాలున్నాయి. పొలం పని చేసి వచ్చే కూలీలే వాళ్ళలో ఎక్కువ. ముంతలో ఉన్నదేమిటో తెలుసుకునే హక్కు వాళ్ళకు లేదా? ఆల్ప్రజోలం చిటికెడు కలిపినా చాలు, నాలుకకు ప్రతిసారీ దొరకదు. అందుకు ప్రయోగశాల కావాలి, కావాల్సిందే. కానీ ప్రతి ముంత దగ్గరా ప్రయోగశాల ఉండదు, నాలుక ఉంటుంది.

తాగుడును పొగడడానికి నేనిది రాయడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు నిలబడ్డ రాష్ట్రం ఇది. మా హిందూపురం నుంచి మూడుసార్లు శాసనసభకు వెళ్ళిన ఎన్.టి. రామారావు 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ ఆడవాళ్ళ కోపం న్యాయమైనది, అందులో ఒక్క మాట తీసేయాలని నాకు లేదు. కానీ నిషేధాలు వచ్చి పోయిన ఈ ఏళ్ళన్నిటిలో మనం సారానూ సీసా మద్యాన్నీ కల్లునూ ఒకే గాటన కట్టేసి, కల్లును చూసి చెప్పగల చూపును కూడా వాటితోపాటే పారేసుకున్నాం.

మిగతా వాటిలో మా సీమవాళ్ళు ఆ చూపును పోగొట్టుకోలేదు. హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు రాశి ముందు వ్యాపారి ఒక బొట్ట చీల్చి, రంగు చూసి, నోట్లో వేసుకుని, కరిపులి రకమా ఫ్లవర్ రకమా, ఎంత ధర పలుకుతుందో క్షణంలో తేలుస్తాడు. ధర్మవరంలో జరీ పోగును గోటితో గీకి లోపలి ఎర్ర పట్టు కనిపిస్తుందో లేదో చూసే చేతులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చింతపండుకూ ఆ పట్టుకూ ఉన్న గౌరవం కల్లుకు ఎందుకుండకూడదు? 1971లో, ఇంగ్లండ్‌లో ఈస్ట్‌ను చంపి గ్యాసు పట్టించిన బీరు వచ్చి బతికున్న ఏల్‌ను మింగేస్తున్న రోజుల్లో, నలుగురు మిత్రులు కలిసి కామ్రా అనే ఉద్యమం మొదలుపెట్టారు. తాగేవాళ్ళకు తేడా తెలియజెప్పడమే వాళ్ళు చేసిన ముఖ్యమైన పని. ఇక్కడ ఆ పని ఈడిగ ఇళ్ళలో తరతరాలుగా, రేణుకా ఎల్లమ్మకు మొక్కి చెట్టెక్కే మనుషుల దగ్గర జరుగుతూ వచ్చింది. వాళ్ళ పిల్లలు ఇప్పుడు కియా కార్ల ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతున్నారు. ఎక్కాలి కూడా. మోకు తెగితే నడుం విరిగే పని అది, ఎవరినీ అందులోనే ఉండమని అడగలేం. ఆ నాలుక తెలివినైనా ఎవరో ఒకరు కూర్చుని రాసుకోవాలి. చెట్టెక్కే మనుషులు ఇంకా ఉండగానే.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మామ చెప్పిన ఆఖరి పరీక్ష చేసి చూశాను. ఏటి ఒడ్డు చెట్టు కల్లు ఒక లోటాలో, రోడ్డు పక్క దుకాణంలో కొన్న కల్లు ఇంకో లోటాలో పోసి, మూతలు పెట్టి, ఒక రాత్రి, ఒక పగలు అలాగే ఉంచాను. బతికున్న కల్లు నిలబడదు, మారిపోతుంది. మూత తీస్తే మొదటి లోటా ముక్కు పుటాలు అదిరేంత పుల్లగా ఉంది, పైన సన్నటి పొర కట్టింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఒళ్ళు జలదరించింది.

రెండో లోటా నిన్నెంత తియ్యగా ఉందో ఇవాళా అంతే తియ్యగా ఉంది. మింగకుండా పుక్కిలించి ఉమ్మేశాక, నాలుక వెనక సన్నగా చేదు నిలిచిపోయింది.