మూడు గళ్ళ పట్టికలో ఇమడని మూలకాలు

లోహాలు, అలోహాలు, అర్ధలోహాల పాఠం ఉన్న పుస్తకాల్లో సాధారణంగా మూడు గళ్ళ పట్టిక ఒకటి ఉంటుంది. లోహాలు మెరుస్తాయి, సాగుతాయి, విద్యుత్తును ప్రసరింపజేస్తాయి, అలోహాలు ఈ పనులేవీ చేయవు, అర్ధలోహాలు 'మధ్యస్థం'. మార్కులు తెచ్చేది ఇదే కాబట్టి విద్యార్థులు కంఠస్థం చేస్తారు.

మొదటి రెండు గళ్ళతో పెద్ద పేచీ లేదు. పాదరసం ద్రవమనీ, సోడియం చాకుతో తెగుతుందనీ, గ్రాఫైట్ విద్యుద్వాహకమనీ పుస్తకాలే చెబుతాయి. వజ్రం రాగి కంటే సుమారు అయిదు రెట్లు బాగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుందన్న సంగతి మాత్రం ఎందుకో అరుదుగా కనిపిస్తుంది.

అసలు లోపం మూడో గడిలో ఉంది. 'మధ్యస్థం' అని చదివిన విద్యార్థి సిలికాన్ అంటే సగం రాగి, సగం గంధకం అనుకుంటాడు. రాగితీగను 0 నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే దాని విద్యుత్ నిరోధం సుమారు 40 శాతం పెరుగుతుంది. పరమాణువుల కంపనాలు హెచ్చి, స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లకు అడ్డు తగులుతాయి. శుద్ధమైన సిలికాన్‌ను వేడి చేస్తే నిరోధం తగ్గుతుంది! అక్కడా కంపనాలు హెచ్చుతాయి. కాని బంధాల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు వేడికి విడివడి, వాటి సంఖ్య అంతకంటె వేగంగా పెరుగుతుంది. కోటి సిలికాన్ పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువు చేర్చితే చాలు, గది ఉష్ణోగ్రత వద్ద వాహకత లక్ష రెట్లకు మించి పెరుగుతుంది. రాగిలో అంత స్వల్ప మలినం చేరినా తేడా తెలియదు. ట్రాన్సిస్టర్ పుట్టింది ఈ గుణం నుంచే. దీన్ని 'మధ్యస్థం' అనటం ఎలా?

ద్విస్వభావ ఆక్సైడ్ అర్ధలోహాల గుర్తు అని రాసే పట్టికలూ ఉన్నాయి. అల్యూమినియం ఆక్సైడ్ ఆమ్లంలోనూ, క్షారంలోనూ కరుగుతుంది. అల్యూమినియం లోహం కాదని ఎవరూ అనరు.

తగరం కథ మరీ చిక్కు. 13 డిగ్రీలకు పైన అది వంచితే వంగే తెల్లని లోహం. అంతకంటె చల్లని చోట చాలాకాలం ఉంచితే పెళుసైన బూడిదరంగు పొడిగా మారిపోవచ్చు. మూలకం ఒక్కటే, పరమాణువుల అమరిక మారింది.

పట్టికలో 'వేడి చేస్తే వాహకత ఏమవుతుంది?' అన్న ప్రశ్న ఒకటి చేర్చితే బాగుంటుంది. అయితే అప్పుడు కూడా మూడో గడిలో ఒకే జవాబు కుదరదు. ఆర్సెనిక్, యాంటిమొనీల వాహకత లోహాల్లో లాగే వేడికి తగ్గుతుంది. వాటిని అర్ధలోహాల్లో చేర్చింది పెళుసుదనాన్నీ, రసాయన ప్రవర్తననూ చూసి. సిలికాన్‌కు ఒక జవాబు, ఆర్సెనిక్‌కు మరొకటి రాయవలసి వస్తుంది.