బుడమేరు మీద వేలు పెట్టి

తడి చెత్త పచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో. పర్యావరణం పేరుతో పిల్లలకు తయారైన యాప్‌లలో చాలావాటిలో ఈ ఆటే ఉంటుంది. అరటి తొక్కను వేలితో లాగి సరైన డబ్బాలో పడేస్తే చప్పట్లు మోగుతాయి, పాయింట్లు వస్తాయి. ఆ పని ఇంట్లో అమ్మ రెండు బుట్టలు పెట్టి నేర్పగలదు. దానికి తెర దేనికి? మామూలుగా కంటికి ఆననిదాన్ని చూపించినప్పుడే పిల్లల చేతికి తెర ఇచ్చినందుకు ఫలితం.

విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక బడికి వారం వారం వెళ్తుంటాను. అక్కడ పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, టీచర్లు ఐఎఫ్‌పి అంటారు. దాని మీద గూగుల్ ఎర్త్ తెరిచి మూడో తరగతి వాళ్లను అడిగాను: 2024 సెప్టెంబరులో మీ ఇళ్లలోకి వచ్చిన వరద నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి, ఎటు పోయాయి?

ఆ నీళ్లు వాళ్లకు బాగా గుర్తు. మేడ మీద నుంచి తాడు వదిలి పాల ప్యాకెట్లు అందుకున్న పిల్లలు వాళ్లు. ఒక్కొక్కరే వచ్చి బుడమేరు వాగు వెంట వేలు జరిపారు. ఎగువకు పోతే మైలవరం కొండలు, ఇవతల వెలగలేరు రెగ్యులేటరు. అక్కణ్నుంచి డైవర్షన్ కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. ఆ ఏడాది గండ్లు పడింది దానికే. పాత వాగు మాత్రం ఊళ్లోంచి కొల్లేరు సరస్సుకు పోతుంది. ఊళ్లోకి వచ్చేసరికి అది వేలి కింద కనపడకుండా సన్నబడింది. "ఇక్కడ వాగేది టీచర్, అన్నీ ఇళ్లేగా?" అన్నాడొకడు. ఆ ప్రశ్న పుట్టడమే నాకు కావాల్సింది.

తర్వాత టైమ్‌లాప్స్ పెట్టాం. 1984 నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలు వరసగా కదులుతుంటే కొల్లేరు మీద గళ్లు గళ్లుగా చేపల చెరువులు మొలిచాయి. 2002లో చిత్తడి నేలగా రామ్‌సార్ గుర్తింపు, 2006లో చెరువుల గట్లు పగలగొట్టడం గురించి క్లుప్తంగా చెప్పాను. "అక్కడ మా మావయ్యకు చెరువుంది. మావయ్య తప్పు చేశాడా?" అని ఒక పాప అడిగింది. ఆ చెరువుల మీదే బతుకుతున్న కుటుంబాలున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లకు మేనమామను దోషిగా నిలబెట్టి చూపడం చదువు కాదు. కొల్లేరులోకి వచ్చే ఇన్ని వాగుల నీళ్లూ ఒక్క ఉప్పుటేరు గుండానే సముద్రానికి చేరాలని చూపించాను. గట్లు పెరిగితే నీళ్లు నిలవడానికి చోటు ఉండదని వాళ్లే తేల్చారు.

ఇప్పుడు బడి పక్క కాలువకు వాళ్లే టైమ్‌లాప్స్ తయారుచేస్తున్నారు. ప్రతి వారం ఒకే చోట నిలబడి, టీచర్ ఫోనుతో ఒక్క ఫోటో. గుర్రపుడెక్క ఎంత మేర పాకింది, తూము దగ్గర ఏ సంచులు అడ్డం పడ్డాయి అన్నది ప్యానెల్ మీద పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు. వానలు పడేలోగా తూము బాగు చేయించమని ఆ ఫోటోలతో కార్పొరేషన్‌కు అర్జీ పెడతారట. అది ఎవరి చేతిరాతతో ఉండాలన్న తగువు మాత్రం ఇంకా తేలలేదు.