టక్ అనకపోతే

పేరు గోల్ఫ్ కార్ట్. పశువుల మేతకే వెతుక్కునే మా అనంతపురం సీమలో గోల్ఫ్ ఆడే పచ్చిక ఎక్కడిది? ఆసుపత్రుల్లో, రైల్వే స్టేషన్లలో ముసలివాళ్లను మోసే బ్యాటరీ కారుగానే అది మనకు తెలుసు. వీధుల్లో తిరిగే బ్యాటరీ ఆటో దాని దాయాది. రెంటికీ సీటు కింద చాలావరకు బరువైన లెడ్ యాసిడ్ బ్యాటరీలే. ఆటోలోనైతే 12 వోల్టులవి నాలుగు, వరసగా కలిపితే 48. రెంటికీ ఒకటే రోగం: రాత్రి ప్లగ్గు పెడితే తెల్లారేసరికి బండి కదలదు.

"చార్జర్ కాలిపోయింది సార్" అంటూ దాన్నొక్కదాన్నే సంచిలో వేసుకొస్తారు. బండి ఏదప్పా అంటే ఇంటికాడుంది అంటారు. ఇలాంటివి విప్పి చూడటం నాకు వృత్తి కాదు, యావ. ముందు ఆ సాకెట్లోనే ఇస్త్రీ పెట్టె పెట్టి చూడమంటాను. సగం చిక్కులు గోడ దగ్గరే తేలిపోతాయి: వదులైన ప్లగ్గు, నల్లబడిన పిన్ను, వోల్టేజీ పడిపోయిన లైను.

గోడ బాగుంటే మీటరు పెట్టాల్సింది బ్యాటరీల మీద. ఈమధ్య చూసిన ఆటోలో 48 ఉండాల్సిన చోట 31 చూపించింది. చార్జర్ నిక్షేపంగా ఉంది. ఇప్పటి చార్జర్లు చాలావరకు ముందు అవతల బ్యాటరీ ఉందా లేదా చూసుకుంటాయి. తగినంత వోల్టేజీ కనబడితేనే లోపలి రిలే టక్‌మంటుంది, ఆ తర్వాతే కరెంటు వదులుతుంది. వైర్లు తారుమారైతే నిప్పులు రాకుండా ఆ జాగ్రత్త. బ్యాటరీ మరీ అడుగంటితే అసలు లేదనే అనుకుంటుంది.

దానికి మందు పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్. దానికి తెలివి లేదు, అదే దాని గొప్ప. ఒక్కో బ్యాటరీని విడదీసి, తక్కువ కరెంటుతో కొన్ని గంటలు పట్టించాలి. అదీ గాలి ఆడేచోట, బీడీ ముట్టించకుండా, ఎందుకంటే అప్పుడు వచ్చేది హైడ్రోజన్. నాలుగూ 12 దాటాక పెద్ద చార్జర్ తగిలిస్తే టక్! నెలల తరబడి ఖాళీగా పడున్నదైతే లేవదు. ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోయి ఉంటుంది.

ఆ ఆటోలో బ్యాటరీల మూతలు తీస్తే నీళ్లు తగ్గి ప్లేట్లు తేలి ఉన్నాయి. "తాగే నీళ్లే పోసినాం సార్, బోరు నీళ్లు గాదు" అన్నాడు డ్రైవర్. క్యాను నీళ్లు మనిషికి మంచివే, బ్యాటరీకి కావు. అందులో మిగిలిన ఉప్పులు, ముఖ్యంగా క్లోరైడు, ప్లేట్లను తింటాయి. ఇనుము ఉంటే ఊరికే నిలబెట్టిన బండిలో కూడా చార్జ్ దిగిపోతుంది. మనుషులకే మంచినీళ్లు దొరక్క, ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన ఊళ్లున్న సీమ ఇది. 1995 ప్రాంతంలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాకే చాలా పల్లెలు తెరిపిన పడ్డాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే చోట బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ కొనమంటే నవ్వుతారు. నవ్వినా కొనాల్సిందే. ఎండాకాలం నెలకు రెండుసార్లు మూత తీసి చూడాలి. ప్లేట్లు మునిగేంత పోసి, మిగతాది చార్జింగ్ అయ్యాక పోయాలి. ముందే నిండా పోస్తే యాసిడ్ పొంగి టెర్మినళ్ల మీద తెల్లటి పొడి కడుతుంది, అదో కొత్త తలనొప్పి.

గోడ బాగుండి, బ్యాటరీలూ 48 చూపించి, అయినా టక్ అనలేదా? అప్పుడు బండివైపు కనెక్టరు, ఫ్యూజు చూస్తాను. అవీ బాగుంటే చార్జర్ డబ్బా విప్పను. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లు కాసేపు షాక్ దాచుకునే ఉంటాయి. అప్పుడిక ఆ సంచి మెకానిక్ దగ్గరికే.