ఆండ్రోజానీ గుహల్లో పనితనం

‘డాక్టర్ హూ’ సీరియల్లో ‘ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ’ అనే కథ ఆఖరి భాగం 1984 మార్చి 16, శుక్రవారం నాడు బీబీసీలో వచ్చింది. మరుసటి గురువారం, అంటే మార్చి 22న, ‘ది ట్విన్ డైలెమా’ మొదలైంది. పాతికేళ్ల తర్వాత, 2009లో, డాక్టర్ హూ మ్యాగజైన్ అప్పటిదాకా వచ్చిన 200 కథలకూ పాఠకుల చేత మార్కులు వేయించింది. మొదటి స్థానం ఆండ్రోజానీకి దక్కింది. ట్విన్ డైలెమా అట్టడుగున, 200వ స్థానంలో నిలిచింది. రెండింటికీ నిర్మాత జాన్ నేథన్-టర్నరే, స్క్రిప్ట్ ఎడిటర్ ఎరిక్ సేవర్డే. సీజన్ కూడా ఒకటే. మధ్యలో గడిచింది ఆరు రోజులు.

ఈ సీరియల్లో పస తగ్గిందా, నిలిచిందా అన్న తగవు చాలా పాతది. 1963 నవంబరు 23న సీరియల్ మొదలైంది. తొలి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. 1966లో కథానాయకుడైన డాక్టర్ వేషం వేస్తున్న విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింటే, డాక్టర్ చావు ముంగిట్లో కొత్త శరీరం తెచ్చుకుంటాడని కథలో ఒక వీలు కల్పించి పాట్రిక్ ట్రౌటన్‌ను తీసుకున్నారు. సీరియల్ ఇన్నేళ్లు బతికింది ఆ వీలు వల్లే. అభిమానుల తగవు ఇన్నేళ్లు బతికిందీ దాని వల్లే. చిన్నప్పుడు ఎవరిని చూసి పెరిగితే వాళ్లే అసలైన డాక్టర్, ఆ తర్వాత వచ్చినవాళ్లంతా వెలితిగానే కనిపిస్తారు.

టామ్ బేకర్ డాక్టర్‌గా, ఫిలిప్ హించ్‌క్లిఫ్ నిర్మాతగా, రాబర్ట్ హోమ్స్ స్క్రిప్ట్ ఎడిటర్‌గా ఉన్న 1970ల నడిమి కాలాన్ని చాలామంది స్వర్ణయుగమంటారు. కానీ ఆ స్వర్ణయుగం నడుస్తుండగానే, 1976లో హోమ్స్ రాసిన ‘ది డెడ్లీ అసాసిన్’ను అభిమాన సంఘం అధ్యక్షుడే చీల్చి చెండాడాడు. డాక్టర్ జాతివాళ్లైన టైమ్ లార్డ్‌ల లోకానికి ఉన్న గాంభీర్యాన్ని మంటగలిపారన్నది ఆయన బాధ. ఈ రోజు అభిమానులు ఆ కథను మేలురకం కథల్లో లెక్కిస్తారు. 1986లో క్రిస్ చిబ్‌నల్ అనే కుర్రవాడు బీబీసీ చర్చా కార్యక్రమంలో, రచయితలు పాల్గొంటుండగానే, ఆ ఏటి డాక్టర్ హూ బాగాలేదని కుండబద్దలు కొట్టాడు. 2018లో సీరియల్ పగ్గాలు ఆయన చేతికే వచ్చాయి. 2020లో ఆయన డాక్టర్ పుట్టుపూర్వోత్తరాలను తిరగరాస్తే అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయారు.

అభిమానంతో పుట్టిన ఈ కోపాలను నేను గౌరవిస్తాను. అంత పట్టింపు లేకపోతే సీరియల్ 1989లో ఆగిపోయాక 2005లో మళ్లీ లేచేది కాదు. అయితే కాలాలను బట్టి మార్కులు వేసే అలవాటు ఒక నష్టం చేస్తుంది. ఏ కథలో ఎవరు ఏం పని చేశారో చూడనివ్వదు. 1984 మంచి ఏడా, చెడ్డ ఏడా అని అడిగితే జవాబు లేదు. ఆండ్రోజానీ నాలుగు భాగాలను, ఒక్కోటి పాతికేసి నిమిషాలు, దగ్గరగా చూస్తే మాత్రం నాణ్యత ఎక్కడినుంచి వచ్చిందో వేలుపెట్టి చూపించవచ్చు.

రాసింది ఆ రాబర్ట్ హోమ్సే. కొన్నేళ్ల విరామం తర్వాత తిరిగి వచ్చి రాశారు. కథ ఇది. ఆండ్రోజానీ మైనర్ అనే గ్రహం మీది గుహల్లో గబ్బిలాల వల్ల స్పెక్ట్రాక్స్ అనే పదార్థం దొరుకుతుంది. శుద్ధి చేస్తే అది ఆయుష్షు పెంచే మందు, పచ్చిగా ముట్టుకుంటే విషం. సరుకంతా షరాజ్ జెక్ అనే మొహం కాలిన ఏకాకి గుప్పిట్లో ఉంది. అతని మరమనుషులతో ప్రభుత్వ సైన్యం పోరాడుతోంది. పక్క గ్రహంలో కూర్చున్న మోర్గస్ అనే కంపెనీ అధిపతి పైకి సైన్యాన్ని సమర్థిస్తూ, చాటుగా జెక్‌కు ఆయుధాలు చేరవేయిస్తూ, బదులుగా స్పెక్ట్రాక్స్ తెప్పించుకుంటున్నాడు. ఈ మురికిలోకి డాక్టర్, పెరీ అనే అమ్మాయి ఊరికే చూసిపోదామని దిగుతారు. మొదటి భాగంలోనే పచ్చి స్పెక్ట్రాక్స్ అంటుకుంటుంది. ఇక ఇద్దరికీ మిగిలింది కొద్ది కాలం. విరుగుడు రాణి గబ్బిలం పాలు, అదీ గుహల అడుగున.

హోమ్స్ పొదుపు చూడండి. మోర్గస్ ఎంత దుర్మార్గుడో చెప్పడానికి ఉపన్యాసం పెట్టలేదు. అతను ఫ్యాక్టరీలు మూసేస్తాడు, పని పోయినవాళ్లను ప్రభుత్వం తూర్పున ఉన్న శ్రమ శిబిరాలకు తోలుతుంది, అక్కడి ఫ్యాక్టరీలూ అతనివే. నిన్న కూలి తీసుకుని చేసినవాళ్లే ఇవాళ ఉచితంగా చేస్తారు. దేశాధ్యక్షుడు మర్యాదగా మాట్లాడుతూ ఈ సంగతి అతనికి గుర్తుచేస్తాడు. రెండు మూడు వాక్యాల్లో ఒక వ్యవస్థ మొత్తం కళ్లకు కడుతుంది.

కథ నడిపే తీరు ఇంకా గొప్పది. డాక్టర్ ఎవరినీ ఓడించాలనుకోడు. అతనికి కావలసింది పెరీకి మందు, అంతే. తుపాకులు పేల్చి చంపేశారనుకున్న డాక్టర్ మళ్లీ ప్రాణాలతో తెరమీద కనబడేసరికి, తన గుట్టు లాగడానికి అధ్యక్షుడే ఇతన్ని పంపాడని మోర్గస్ అపోహపడతాడు. ఆ భయంతో అధ్యక్షుణ్ణి లిఫ్టు గుంతలోకి తోసేస్తాడు, స్వయంగా మైనర్ గ్రహానికి బయల్దేరతాడు. అతను అటు వెళ్లగానే, అంతకాలం తలవంచుకుని పనిచేసిన కార్యదర్శి టిమ్మిన్ అతని నేరాలన్నీ బయటపెట్టి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఒక దొంగ మనసులోని అనుమానంతోనే సామ్రాజ్యం కూలింది. పేరున్న పాత్రల్లో చివరికి బతికేది పెరీ, టిమ్మిన్ మాత్రమే.

దర్శకుడు గ్రేమ్ హార్పర్‌కు ఈ సీరియల్లో దర్శకుడిగా ఇదే మొదటి పని. అప్పట్లో బీబీసీ స్టూడియోల్లో దర్శకుడు పైన గ్యాలరీలో మానిటర్ల ముందు కూర్చుని కెమెరాలు మార్పిస్తూ ఉండేవాడు. నటులకు చెప్పాల్సింది ఫ్లోర్ మేనేజర్ ద్వారా చేరేది. హార్పర్ కిందికి దిగి నటుల పక్కన నిలబడ్డారు. కెమెరాను భుజానికెత్తించారు. ఆ తేడా ప్రతి సన్నివేశంలో తెలుస్తుంది. మోర్గస్ మధ్యమధ్య తల తిప్పి నేరుగా మనతో తన మనసులో మాట చెబుతాడు. నటుడు జాన్ నార్మింగ్టన్ దర్శకుడి సూచనను పొరపాటుగా అర్థం చేసుకుని అలా చేస్తే, హార్పర్‌కు నచ్చి ఉంచేశారు. పాత నాటకాల్లో విలన్ ప్రేక్షకులతో మాట్లాడే పద్ధతి అది. ఎవరినీ నమ్మని మనిషి చెప్పుకోడానికి మనం తప్ప ఎవరూ లేరన్నట్టు ఉంటుంది. పొరపాటును గుర్తుపట్టడం ఒక నైపుణ్యం, దాన్ని దిద్దకుండా వదిలేయడం అంతకంటే పెద్ద నైపుణ్యం.

జెక్‌గా వేసిన క్రిస్టొఫర్ గేబుల్ ఒకప్పుడు రాయల్ బ్యాలేలో నాట్యకారుడు. నలుపు తెలుపుల ముసుగు మొహమంతా కప్పేస్తుంది. నటుడికి మిగిలింది కళ్లు, గొంతు, ఒళ్లు. అతను నడుస్తుంటే, చేయి చాపుతుంటే, చటుక్కున వెనక్కి తిరుగుతుంటే పాము కదిలినట్టు ఉంటుంది. రోజర్ లిమ్ సంగీతంలోని గలగల శబ్దం ఆ కదలికకు తోడవుతుంది.

మూడో భాగం ముగింపు ఈ సీరియల్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముగింపు. జెక్‌కు ఆయుధాలు చేరవేసే దొంగలు డాక్టర్‌ను బంధించి పక్క గ్రహానికి తీసుకుపోతుంటారు. అతను గొలుసు తెంచుకుని నౌకను వెనక్కి తిప్పుతాడు. ఒంట్లో విషం పాకుతోంది, కళ్లు మూతపడుతున్నాయి. తనను తాను కూడదీసుకునేలోపు తెరమీద రంగులు ఒక్క క్షణం మెరిసి పోతాయి. అవి ఆఖరి భాగంలో అతను రూపం మార్చుకునేటప్పుడు వచ్చే రంగులని అప్పుడు చూసేవాడికి తెలియదు. అవతల ఆ దొంగల నాయకుడు స్టోట్జ్ తలుపు కోస్తున్నాడు. గ్రహం కిటికీలో పెద్దదవుతూ ఉంటుంది. పీటర్ డేవిసన్ డాక్టర్ మూడు సీజన్లుగా మెత్తని మనిషి, కోటు మీద సెలెరీ కాడ పెట్టుకుని తిరిగే మర్యాదస్థుడు. ఇక్కడ అతని గొంతు మొదటిసారి తెగుతుంది. నౌక బద్దలైనా సరే, నువ్వు నన్ను ఆపలేవని అరుస్తాడు. ఎవరి కోసం? ముందు కథలోనే పరిచయమైన ఒక అమ్మాయి కోసం. లోకాన్ని కాపాడే పని ఇక్కడ లేదు. అందుకే ఆ అరుపు అంత బరువుగా తగులుతుంది.

చివర్లో తెచ్చిన విరుగుడులో సగం ఇసుకలో ఒలికిపోతుంది. మిగిలింది ఒకరికే సరిపోతుంది. అది పెరీ గొంతులో పోసి డాక్టర్ నేలకూలతాడు. కొత్త నటుడు కోలిన్ బేకర్ మొహంతో లేస్తాడు.

లోపం లేదని చెప్పను. గుహల్లో తిరిగే మాగ్మా మృగం వేషం నాసిరకంగా ఉంది. కథకు దానితో పెద్ద అవసరమూ లేదు. అది కనబడిన కొద్ది క్షణాలు ఓర్చుకోవాల్సిందే.

మరి ట్విన్ డైలెమా? కొత్త డాక్టర్ మనసు చెదిరి, ఏ అమ్మాయి కోసం ప్రాణమిచ్చాడో ఆమె గొంతే పట్టుకుంటాడు. ఆలోచనలో ధైర్యం ఉంది. కానీ నత్తలాంటి విలన్, గణితంలో మేధావులైన కవలల కథ ఆ ధైర్యాన్ని మోయలేకపోయాయి. కోలిన్ బేకర్ మంచి నటుడు, కథ ఆయన చేతిలో లేదు. ఇక డేవిసన్ విషయానికొస్తే, మూడేళ్లు చాలని ట్రౌటన్ ఇచ్చిన సలహా పాటించి వెళ్లిపోతున్నారు. ఇలాంటి స్క్రిప్టులు ముందే వచ్చుంటే ఉండిపోయేవాడినేమో అని తర్వాత చెప్పారు.

2014లో అదే మ్యాగజైన్ మళ్లీ ఓట్లు అడిగింది. ఈసారి 2013 నాటి ‘ది డే ఆఫ్ ది డాక్టర్’ పైకెక్కి, ఆండ్రోజానీ నాలుగో స్థానానికి దిగింది. ట్విన్ డైలెమా ఆఖరునే ఉంది. డాక్టర్ హూ ఎప్పుడూ చూడనివాళ్లు ఆండ్రోజానీతోనే మొదలుపెట్టవచ్చు. డేవిసన్ పాత కథలేవీ తెలియనక్కర్లేదు, పెరీకీ అతను అప్పటికి కొత్తవాడే. నాలుగు భాగాలూ ఒకేసారి కాకుండా, రోజుకొకటి చొప్పున చూడండి. మూడో భాగం తర్వాత ఒక రాత్రి ఆగాలి.