ఇల్లు దాటిన సైకిలు

వంటిల్లు సర్దుకుని, మధ్యాహ్నాలు కాస్త కాస్తగా చదివి ముగించాను డెర్వ్లా మర్ఫీ రాసిన ‘ఫుల్ టిల్ట్’. 1963 జనవరిలో ఈ ఐర్లండు ఆవిడ ఒక్కర్తీ సైకిలెక్కి, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ దాటి ఢిల్లీ చేరింది. పుస్తకం 1965లో వచ్చింది. మంచూ, తోడేళ్లూ, రాళ్లదారులూ కళ్లకు కట్టాయి సుమండీ!

పదో పుట్టినరోజుకి సైకిలూ, అట్లాసూ కలిసి వచ్చాయట. ఇండియా వెళ్లాలని అప్పుడే అనుకుంది. బయల్దేరేసరికి ముప్ఫై ఒకటి! మధ్యలో ఏళ్ల తరబడి మంచాన పడ్డ తల్లికి సేవ. 1962లో తల్లి పోయాకే దారి దొరికింది.

నా ఫిర్యాదల్లా ఇక్కడే. రోడ్డు సంగతి అంత బాగా చెప్పిన మనిషి ఇంటి సంగతి దాదాపు దాటేసింది. అది తీరిగ్గా చెప్పింది 1979లో, ‘వీల్స్ వితిన్ వీల్స్’లో. మనకి కొండ ఎక్కడం కన్నా గడప దాటడమే కష్టం కదా, ఏమంటారు?

మా అత్తగారు పోయిన ఏడాదికి, మొన్న తెల్లవారుజామున అమ్మాయి సైకిలు తీసుకుని పొన్నూరు నుంచి చేబ్రోలు వెళ్లాను. దారంతా వరిచేలు, కృష్ణ నీళ్లు తెచ్చే కాలువలు. కాకతీయ సేనాని జాయప 13వ శతాబ్దంలో శాసనం వేయించిన ఊరది. గుడి మెట్ల మీద చల్లగా కూర్చున్నానో లేదో, “అయ్యో, అత్తయ్యగారి మందు వేళయింది!” అని ఉలిక్కిపడి లేచాను.

ఆ ఉలికిపాటు కోసమే మొదటి పుస్తకమంతా వెతికాను. అందుకే చెబుతున్నాను, రెండూ చదవండి. రెండోదే ముందు చదవండి.